ఎమ్మెల్యే కావాలంటే ఏం చదవాలి? కోనసీమ పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబులు

కోనసీమలో ఒక జూనియర్ కాలేజీలో చాలా ఏళ్ళు సివిక్స్ చెప్పాను. శాసనసభ పాఠం వచ్చిన రోజు వెనక బెంచీల్లోంచి ఎవరో ఒకరు లేచి, "మాస్టారండీ, ఎమ్మెల్యే అవ్వాలంటే ఏం చదవాలండీ?" అని అడిగేవారు. క్లాసంతా గొల్లుమనేది. నాకు మాత్రం ఆ ప్రశ్న అంటే ఎప్పుడూ ఇష్టమే. డాక్టరు కావాలంటే ఏం చదవాలో ఊళ్ళో పదిమంది చెబుతారు, ఇది చెప్పేవాళ్ళే తక్కువ. రిటైరయ్యాక కూడా పాత విద్యార్థులు, వాళ్ళ పిల్లలు ఇంటికొచ్చి అవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

డిగ్రీ లేకపోతే ఎమ్మెల్యేగా పోటీ చేయకూడదాండీ?

చేయొచ్చు. రాజ్యాంగం 173వ అధికరణం ఎమ్మెల్యేకి కావలసిన అర్హతలు చెబుతుంది. భారత పౌరుడై ఉండాలి, 25 ఏళ్ళు నిండాలి, రాజ్యాంగానికి విధేయంగా ఉంటానని ప్రమాణం చేయాలి. చదువు మాట అక్కడెక్కడా లేదు. పదో తరగతి తప్పినా, అసలు బడి మొహం చూడకపోయినా చట్టం అడ్డు చెప్పదు. ఇది పొరపాటున వదిలేసిన విషయం కాదు. అప్పట్లో దేశంలో ఎక్కువమందికి చదువు లేదు. చదువు షరతు పెడితే కూలి చేసుకునేవాడికి, పడవ నడిపేవాడికి సభ తలుపు మూసేసినట్టే అయ్యేది.

అలాగని చదువు అక్కర్లేదని నేను అనడం లేదు. పోటీకి అక్కర్లేని చదువు, గెలిచిన మర్నాటి నుంచి కావాలి. ఆ సంగతి కింద చెబుతాను.

నాకు ఎన్నికల నెలలోనే 25 నిండుతాయి. ఏ తేదీ లెక్కలోకి వస్తుంది?

నామినేషన్ల పరిశీలన జరిగే రోజు. పోలింగ్ రోజుకి నిండుతాయి కదా అంటే కుదరదు. పరిశీలన తేదీకి ఒక్కరోజు తక్కువైనా నామినేషన్ కొట్టేస్తారు. ఇంకోటి, మీ పేరు రాష్ట్రంలో ఏదో ఒక అసెంబ్లీ నియోజకవర్గం ఓటర్ల జాబితాలో ఉండాలి. పోటీ చేసే నియోజకవర్గంలోనే ఉండాలని లేదు. రాజోలులో ఓటున్నవాళ్ళు మండపేటలో నిలబడొచ్చు.

మన గోదావరి లంకల్లో పుట్టి, చదువుకుని, పైకొచ్చిన నాయకుడు ఎవరండీ?

ఈ ప్రశ్నకి నా జవాబు ఎప్పుడూ ఒకటే. జి.ఎం.సి. బాలయోగి గారు. లోక్‌సభ స్పీకర్‌గా ఆయన ఫోటో అందరూ చూశారు. స్పీకర్ కాకముందు ఏం చేశారో మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలియదు. నా దృష్టిలో నేర్చుకోవలసింది అక్కడే ఉంది.

ఆయన 1951 అక్టోబర్ 1న ఎదుర్లంకలో పుట్టారు. గౌతమి గోదావరి ఒడ్డున ఉన్న ఊరు, ఎదురుగా యానాం. వ్యవసాయ కుటుంబం. ఊళ్ళో చదువుకునే సదుపాయం లేక, చిన్నప్పుడే పక్క ఊరికి వెళ్ళి చదువుకున్నారు. ఇప్పుడు ఎదుర్లంక నుంచి యానాం వంతెన మీద నిమిషాల్లో వెళ్ళిపోతున్నాం. ఆ రోజుల్లో ఏరు దాటాలంటే పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవే గతి. సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, మేకలు, పెళ్ళివారు అందరూ దాని మీదే. నేనూ ఎన్నోసార్లు ఆ రేవులో నిలబడి అవతలి ఒడ్డు పంటు కదిలిందా లేదా అని కళ్ళు చిట్లించి చూసినవాణ్ణే. పంటు తప్పితే కాలేజీలో మొదటి క్లాసు పోయినట్టే.

అక్కడి నుంచి ఆయన కాకినాడలో డిగ్రీ చేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎ., ఆ పైన లా. 1980లో కాకినాడలో ప్రాక్టీసు మొదలుపెట్టారు. 1985లో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌గా ఎంపికయ్యారు. ఒక దళిత రైతు కుటుంబంలో పుట్టిన కుర్రాడికి ఆ రోజుల్లో ఆ కుర్చీ అంటే ఎంతటిదో మా తరం వాళ్ళకి తెలుసు. ఆ ఉద్యోగానికి ఆయన రాజీనామా చేసి మళ్ళీ కాకినాడ కోర్టుకే వచ్చారు. 1986లో కాకినాడ కోఆపరేటివ్ టౌన్ బ్యాంకు వైస్ ఛైర్మన్. 1987లో తూర్పు గోదావరి జిల్లా ప్రజా పరిషత్ ఛైర్మన్.

ఈ 1987 దగ్గర కాస్త ఆగాలి. ఎన్టీఆర్ ప్రభుత్వం పాత సమితులు తీసేసి మండలాలు పెట్టింది. 1986 చట్టం ప్రకారం మండలాధ్యక్షుల్ని, జిల్లా పరిషత్ ఛైర్మన్లని ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. అంటే అప్పటి ఛైర్మన్ అభ్యర్థి జిల్లా మొత్తం తిరిగి ఓటు అడగాలి. తూర్పు గోదావరి అంటే ఒక్క కోనసీమ కాదు. రంపచోడవరం ఏజెన్సీ ఉంది, పెద్దాపురం మెట్ట ఉంది, తుని వైపు సముద్రతీరం ఉంది. కొబ్బరి చెట్ల మధ్య పెరిగినవాడు కొండ మీది గూడేనికి రోడ్డు ఎందుకు లేదో, మెట్టలో చెరువు ఎందుకు ఎండిందో అడిగి తెలుసుకోవలసిన పని అది. 35 ఏళ్ళ వయసులో అంతకంటే మంచి బడి దొరకదు.

1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు గెలిచారు. 1996లో ఓడిపోయారు. ఓడినవాళ్ళు చాలామంది ఇంట్లో కూర్చుంటారు. ఆయన ముమ్మిడివరం అసెంబ్లీ ఉపఎన్నికలో గెలిచి రాష్ట్ర శాసనసభకు వెళ్ళారు, ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారు. చదువు కోసం ఊరు దాటిన పిల్లవాడు రాష్ట్రంలో కాలేజీలన్నిటికీ మంత్రి అయ్యాడని క్లాసులో చెప్పిన ప్రతిసారీ నా గొంతు కాస్త బొంగురుపోయేది. 1998 మార్చి 24న లోక్‌సభ స్పీకర్ అయ్యారు, 46 ఏళ్ళకి. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. 1999 అక్టోబర్‌లో రెండోసారీ ఎన్నికయ్యారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. యానాం, ఎదుర్లంకల మధ్య వంతెనకి ఆయన పేరే పెట్టారు.

మేజిస్ట్రేట్ ఉద్యోగం వదులుకోవడం తెలివైన పనేనా? మా నాన్న అయితే ఇంట్లోంచి గెంటేసేవారు.

మీ నాన్నగారి భయం న్యాయమైనదే. గవర్నమెంటు ఉద్యోగం ఒక కుటుంబాన్ని రెండు తరాలు నిలబెడుతుంది. ఆయన్ని తప్పు పట్టకండి.

బాలయోగి గారి విషయంలో ఒకటి గమనించండి. ఉద్యోగం వదిలినా వృత్తి వదల్లేదు. నల్లకోటు మళ్ళీ వేసుకున్నారు. బియ్యం డబ్బులకి రాజకీయం మీద ఆధారపడకుండా బతికే దారి ఉంచుకున్నారు. నా దగ్గర చదువుకున్నవాళ్ళలో ఆ దారి ఏర్పరచుకోకుండా నాయకుల కారు వెనక తిరిగినవాళ్ళు 40 ఏళ్ళు వచ్చేసరికి ఎటూ కాకుండా పోయారు. అది చూసినప్పుడల్లా బాధేస్తుంది. ముందు మీ కాళ్ళ మీద మీరు నిలబడండి. కొబ్బరి వ్యాపారమో, ట్యూషనో, ఆక్వా చెరువో, కోర్టు పనో, ఏదైనా సరే.

ఉద్యోగంలో ఉంటూ పోటీ చేయడం మాత్రం కుదరదు. 191వ అధికరణం ప్రకారం ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవాళ్ళు ఎమ్మెల్యేగా ఉండటానికి అనర్హులు. టీచరైనా, సచివాలయం ఉద్యోగైనా రాజీనామా చేసి, అది ఆమోదం పొందాకే నామినేషన్ వేయాలి. రాజీనామా ఇచ్చేశాను కదా అని ఊరుకోకండి, ఆమోదించిన కాగితం చేతికి రావాలి.

అయితే లా చదవాల్సిందేనా?

అక్కర్లేదు. కానీ పనికొస్తుంది. శాసనసభ పని చట్టాలు చేయడం. బిల్లు చేతికొచ్చినప్పుడు సెక్షన్, సబ్ సెక్షన్, "అయితే" అని మొదలయ్యే మినహాయింపు ఇవి చదవడం వస్తే సగం పని అయినట్టే. ఇంటర్ తర్వాత అయిదేళ్ళ కోర్సు, డిగ్రీ తర్వాత మూడేళ్ళ కోర్సు ఉన్నాయి, రెండింటికీ లాసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఎమ్మెల్యే అయ్యాక కూడా లాయర్‌గా ప్రాక్టీసు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

లా చదివినవాడి అలవాటు ఎక్కడ కనిపిస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస పరీక్షలో 269కి 270తో, ఒక్క ఓటుతో పడిపోయింది. ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ అప్పటికి ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయలేదు. ఆయన ఓటు వేయొచ్చా లేదా అన్నది పెద్ద గొడవ. ఆ నిర్ణయాన్ని స్పీకర్‌గా బాలయోగి గారు గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. బాలయోగి గారి సొంత పార్టీ తెలుగుదేశం అప్పుడు ప్రభుత్వానికి మద్దతిస్తోంది. అయినా కుర్చీలో కూర్చున్నవాడు ఒక పక్షం మనిషిలా మాట్లాడకూడదన్న జాగ్రత్త నాకు అందులో కనిపిస్తుంది. అది కోర్టు హాల్లో వచ్చిన అలవాటేనని నా నమ్మకం.

నేను డిగ్రీ ఫైనలియర్ తప్పాను. అఫిడవిట్‌లో ఏం రాయాలి?

ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఫారం 26 అనే అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులతో పాటు మీరు పూర్తి చేసిన అత్యున్నత చదువు ఏదో, ఏ బడి లేదా కాలేజీలో, ఏ సంవత్సరంలో పూర్తయిందో రాయాలి. డిగ్రీ పూర్తి కాకపోతే ఇంటర్ అని రాయండి. అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. మన జనం ఇంటర్ చదివినవాడికి ఓటు వేయనని ఎప్పుడూ అనలేదు.

లేని డిగ్రీ రాస్తే మాత్రం మునిగిపోతారు. మణిపూర్‌లో ఒక ఎమ్మెల్యే మైసూర్ విశ్వవిద్యాలయంలో ఎంబీఏ చేశానని అఫిడవిట్‌లో రాశారు. అది నిజం కాదని తేలింది. గుమాస్తా పొరపాటు అన్నారు, కోర్టు నమ్మలేదు. ఆ ఎన్నిక చెల్లదని 2016లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. అఫిడవిట్‌లో తప్పుడు సమాచారం ఇస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ కింద ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది.

ఖాళీలు వదలడం కూడా తప్పే. వర్తించని చోట "వర్తించదు" అని, లేని చోట "లేదు" అని స్పష్టంగా రాయాలి. గీత గీసి వదిలేయకండి. రిటర్నింగ్ అధికారి గుర్తుచేశాక కూడా ఖాళీగా ఉంచితే నామినేషన్ తిరస్కరించొచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది.

నామినేషన్లు ఎక్కువగా ఎక్కడ చెడిపోతాయి?

ప్రతిపాదించేవాళ్ళ దగ్గర. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. స్వతంత్రులకి పదిమంది కావాలి. ఆ పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి.

నా విద్యార్థి ఒకడు స్వతంత్రుడిగా నిలబడ్డాడు. మంచి కుర్రాడు, ఊళ్ళో డ్రెయిన్ పూడిక గురించి రెండేళ్ళు అర్జీలు పెట్టి తిరిగినవాడు. చివరి రోజు మధ్యాహ్నం పదిమంది సంతకాలు పూర్తిచేసి, చెమటలు కక్కుకుంటూ వెళ్ళి నామినేషన్ వేశాడు. మర్నాడు పరిశీలన. జాబితా ముందు పెట్టుకుని ఒక్కో పేరు మీద వేలు పెట్టి చూస్తూ వచ్చారు. తొమ్మిది సరిపోయాయి. పదో పేరు జాబితాలో లేదు. ఆ పదోవాడు వీడి చిన్ననాటి స్నేహితుడే. పెళ్ళయ్యాక ఇల్లరికం వెళ్ళి, ఓటు అత్తవారి ఊరికి మార్చుకున్నాడు. ఆ ఊరు కాలవకి అవతల గట్టునే. గట్టు దాటితే నియోజకవర్గం వేరు. అంతే, నామినేషన్ పోయింది. ఆ సాయంత్రం వాడు మా అరుగు మీద కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మా ఆవిడ టీ ఇస్తే గ్లాసు అలాగే పట్టుకుని చల్లార్చేశాడు.

అందుకే చెబుతున్నాను. పదిమంది సరిపోతారని పదిమందినే పెట్టుకోకండి. నామినేషన్ నాలుగు సెట్ల దాకా వేయొచ్చు, వేర్వేరు పదిమందితో ఇంకో సెట్టు వేయండి. ప్రతి ఒక్కరి పేరు, భాగం సంఖ్య, వరుస సంఖ్య తాజా జాబితాలో మీ కళ్ళతో మీరే చూసుకోండి. చివరి రోజు దాకా ఆగకండి.

డబ్బెంత కావాలి?

చట్టం ప్రకారం డిపాజిట్ 10,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000. పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ వస్తే తిరిగిస్తారు. మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఎన్నికల ఖర్చుకి విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్ళు పోటీకి అనర్హులవుతారు. ఓడిపోయాం కదా ఇంకేం లెక్క అని వదిలేసినవాళ్ళకే ఎక్కువగా ఇది చుట్టుకుంటుంది.

ముందు సర్పంచ్‌గా చేయాలా, నేరుగా ఎమ్మెల్యేకి వెళ్ళాలా?

నన్నడిగితే ముందు పంచాయతీ. సర్పంచ్‌కి 21 ఏళ్ళు చాలు, పార్టీ గుర్తు ఉండదు. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలుంటే పోటీ చేయకూడదన్న పాత నిబంధన కూడా 2024లో ఎత్తేశారు. వీధి దీపం, మంచినీళ్ళ ట్యాంకు, శ్మశానానికి దారి, ఇంటిపన్ను, ఇవి చూసినవాడికి ప్రభుత్వం ఎలా కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. మీ ఊళ్ళోవాళ్ళు మీ మొహం మీదే తిడతారు. ఆ తిట్లు పడటం కూడా నేర్చుకోవాలి.

ఎమ్మెల్యే అయ్యాక చదువు ఎక్కడ పనికొస్తుందండీ?

మన డెల్టాలో నీళ్ళ దగ్గర. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలవలు పారుతాయి. మన కోనసీమ మధ్య డెల్టా. ఏటా సాగునీటి సలహా మండలి సమావేశంలో కాలవలు ఎప్పుడు వదలాలి, ఎప్పుడు కట్టేయాలి అన్నది తేలుస్తారు. వారం ముందు కట్టేస్తే శివారు చేలో దాళ్వా (రబీ) వరి పాలు పోసుకునే వేళకి ఎండిపోతుంది. వారం ఆలస్యంగా కట్టేస్తే పూడిక తీయడానికి, లాకుల మరమ్మతుకి టైము చాలదు. ఇంజినీరు క్యూసెక్కుల్లో మాట్లాడతాడు, రైతు చేలో తడి గురించి మాట్లాడతాడు. ఎమ్మెల్యేకి రెండు భాషలూ రావాలి.

2011లో మన రైతులు సార్వా (ఖరీఫ్) పంట వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు. కూలి ఖర్చులు పెరిగాయి, ధర గిట్టలేదు, డ్రెయిన్లు పూడిపోయి చేలు మునుగుతున్నాయి. అన్నం పెట్టే చేతులు పంట మానేశాయంటే దేశమంతా ఇటు చూసింది. అప్పుడు సభలో లేచి మాట్లాడాలంటే ఎకరానికి ఖర్చెంత, మద్దతు ధర ఎలా కడతారు, డ్రెయిన్ల పనికి బడ్జెట్‌లో ఎంత పెట్టారు, అందులో ఎంత విడుదలైంది, ఇవన్నీ తెలియాలి. ఆవేశం ఒక నిమిషం ఉంటుంది. అంకె ఉంటే మంత్రి జవాబు చెప్పక తప్పదు.

అలాగే 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్‌లో నగరం అనే మన ఊళ్ళో గ్యాస్ పైపు లైను పేలి మనుషులు కాలిపోయారు. మన నేల కింద ఏ పైపు ఎటు పోతోందో, దాన్ని ఎవరు ఎన్నాళ్ళకోసారి పరీక్షించాలో అడగాల్సింది మన ఎమ్మెల్యేనే. దానికి కాస్త సైన్సు, బోలెడు ఓపిక కావాలి.

మా నియోజకవర్గం ఎస్సీ రిజర్వుడు. ఎస్సీ అయిన నేను జనరల్ సీటులో నిలబడొచ్చా?

తప్పకుండా. రిజర్వుడు సీటు మీకు ప్రత్యేకం, జనరల్ సీటు అందరిదీ. ఇప్పుడు కోనసీమలో అమలాపురం, రాజోలు, పి.గన్నవరం ఎస్సీ స్థానాలు. నియోజకవర్గాల పునర్విభజనకు ముందు ముమ్మిడివరం ఎస్సీ స్థానంగా ఉండేది, ఇప్పుడు జనరల్.

మాది యానాం. ముమ్మిడివరంలో పోటీ చేయొచ్చా?

ఓటు యానాంలో ఉన్నంతకాలం చేయకూడదు. యానాం పుదుచ్చేరిలోది. భాష మనదే, చుట్టాలు మనవాళ్ళే, కానీ సభ వేరు. మీకు పుదుచ్చేరి శాసనసభ ఉంది, యానాంకి అందులో ఒక సీటుంది. 2021లో స్వతంత్రుడిగా నిలబడ్డ గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అక్కడ ఎన్.రంగస్వామినే ఓడించారు. అదే ఎన్నికల్లో రంగస్వామి ఇంకో సీటు నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. చిన్న నియోజకవర్గంలో ప్రతి గడపా తెలిసినవాడికి బలం ఎక్కువ.

పట్టభద్రుల ఎమ్మెల్సీకి పోటీ చేయాలంటే డిగ్రీ ఉండాలి కదా?

అక్కర్లేదు! ఈ జవాబు విని లెక్చరర్లు కూడా ఆశ్చర్యపోతారు. ఉభయ గోదావరి జిల్లాల పట్టభద్రుల స్థానంలో ఓటు వేయడానికే డిగ్రీ కావాలి, అది కూడా పాసై మూడేళ్ళు దాటి ఉండాలి. నిలబడేవాడు పట్టభద్రుడే కావాలని రాజ్యాంగం అనలేదని సుప్రీంకోర్టు 1972లో చెప్పింది. వయసు మాత్రం 30 నిండాలి.

ఆడపిల్లని. ఇంట్లో ఒప్పుకోరు. ఏం చేయను?

మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవే. అసెంబ్లీలో మూడో వంతు కేటాయిస్తూ 2023లో రాజ్యాంగ సవరణ వచ్చింది, జనగణన, పునర్విభజన అయ్యాక అమలవుతుంది. ఇంట్లో ఒప్పించడానికి నా దగ్గర మంత్రమేమీ లేదమ్మా. వార్డు మెంబరుగా గెలిచిన మహిళ మీ ఊళ్ళోనే ఉంటారు. వెళ్ళి ఆవిడని అడుగు. భర్త కుర్చీలో కూర్చుని సంతకాలు మాత్రం భార్య చేత పెట్టించే ఇళ్ళు కూడా చూశాను. నువ్వు గెలిస్తే, కాగితం నువ్వే చదివి సంతకం పెట్టు.

నాకిప్పుడు 19. ఇవాళే ఏం మొదలుపెట్టను?

ఓటరు జాబితాలో పేరుందో లేదో చూసుకోండి. లేకపోతే ఫారం 6 పెట్టండి, ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి. తర్వాత మీ ఊరి గ్రామసభ ఎప్పుడో కనుక్కుని వెళ్ళండి. మొదటిసారి మాట్లాడొద్దు, పంచాయతీ జమాఖర్చులు చదివేటప్పుడు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటికొచ్చి ఏ పద్దు అర్థం కాలేదో దాని కింద గీత గీయండి. మర్నాడు పంచాయతీ సెక్రటరీ దగ్గరికి వెళ్ళి, "ఇది ఏంటండీ, కాస్త చెబుతారా?" అని అడగండి. విసుక్కుంటే మళ్ళీ సోమవారం వెళ్ళండి.